స్కోప్‌లో ఎలివేషన్ చాలనప్పుడు: లాంగ్ రేంజ్ రైఫిల్‌కు లెక్క ఎక్కడ తప్పుతుంది

స్కోప్ డబ్బా మీద "మొత్తం ఎలివేషన్ 60 ఎంఓఏ" అని ఉంటుంది, అంటే గురిని పైకీ కిందికీ కలిపి జరుపుకోగల మేర; ఎంఓఏ దాని కోణపు కొలత. దాన్ని మామూలు చదును రైల్ (స్కోప్‌ను రైఫిల్‌కు పట్టి ఉంచే పట్టీ) మీద బిగించి 100 గజాల దగ్గర జీరో చేశాక, అంటే గురిపెట్టిన చోటే తూటా పడేలా సర్దాక, పైకి తిప్పుకోవడానికి మిగిలేది పాతిక చిల్లర. మిగతా ముప్పై నాలుగో ముప్పై అయిదో జీరోకి కింద ఉండిపోతుంది, దాంతో ఏ టార్గెట్‌కీ పనిలేదు. 600 గజాల లోపు కాల్చేవాళ్లకు ఈ నష్టం తెలియను కూడా తెలియదు. 800 దగ్గరికి వచ్చేసరికి టరెట్, అంటే స్కోప్ మీద తిప్పే గుబ్బ, గట్టిగా ఆగిపోతుంది, తూటాలు ఇంకా టార్గెట్ కింద మట్టిలోనే పడుతుంటాయి. అప్పుడు చాలామంది చేసే మొదటి పని ఇంకా ఖరీదైన స్కోప్ కోసం వెతకడం. నిజానికి ఎక్కువసార్లు మార్చాల్సింది స్కోప్‌ని కాదు, దాని కింద ఉన్న రైల్‌ని.

ఈ తలనొప్పి ఇండియాలో పెద్దగా రాదు. ఇక్కడ రైఫిల్ పోటీ అంటే ప్రధానంగా 10 మీటర్లు, 50 మీటర్లు. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే, ఆ పోటీలో టెలిస్కోప్ వాడనివ్వరు. స్కోప్‌తో 1000 గజాలు కాల్చడం అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా క్లబ్బుల ఆట. ఎఫ్-క్లాస్, పీఆర్ఎస్ అని రకరకాల పోటీలున్నాయి. ఇంగ్లండ్‌లో బిస్లీలోని స్టికిల్‌డౌన్ రేంజి 1200 గజాల దాకా వెళ్తుంది. టెక్సాస్‌లోనో ఒహాయోలోనో స్థిరపడి, అక్కడి చట్టం ప్రకారం రైఫిల్ కొనుక్కుని క్లబ్బులో చేరిన తెలుగువాళ్లకు మొదటి ఏడాదిలోనే ఎదురయ్యే లెక్క ఇది.

కొలతల సంగతి ముందే తేల్చుకుంటే మంచిది. ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు. మిల్ అంటే దూరంలో వెయ్యో వంతు. 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు, 100 గజాల దగ్గర 3.6 అంగుళాలు. ఒక మిల్ 3.44 ఎంఓఏకి సమానం. రెంటిలో ఏది మేలన్న వాదన రేంజిలో తెగదు, తెగాల్సిన అవసరమూ లేదు. టరెట్, రెటికిల్ (స్కోప్‌లో కనిపించే గురి గీతలు) రెండూ ఒకే కొలతలో ఉంటే చాలు.

ముందు ఎంత కావాలో తేలాలి

.308 విన్‌చెస్టర్‌లో 175 గ్రెయిన్ల సియెరా మ్యాచ్‌కింగ్ బుల్లెట్, సెకనుకు 2600 అడుగుల వేగం, సముద్రమట్టం, 15 డిగ్రీల ఉష్ణోగ్రత అనుకుందాం. 100 గజాల జీరో నుంచి 600 గజాలకు 16, 17 ఎంఓఏ పైకి తిప్పాలి. 800కి 27 దాకా. 1000కి 39 దాకా. చివరి రెండు వందల గజాలే 12 ఎంఓఏ తినేశాయి, దాదాపు మొదటి అయిదు వందల గజాలు తిన్నంత. వేగం తగ్గేకొద్దీ తూటా గాల్లో ఎక్కువసేపు ఉంటుంది, ఉన్నంతసేపూ పడుతూనే ఉంటుంది. అందుకే "800కి సరిపోయింది కదా, వెయ్యికి ఇంకాస్త అంతే" అనుకున్నవాళ్లు దెబ్బతింటారు. 6.5 క్రీడ్‌మూర్ కాస్త దయగలది: 140 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ 2700 అడుగుల వేగంతో వెళ్తే 1000 గజాలకు 30 ఎంఓఏ దగ్గర, 1200కి 40 పైచిలుకు.

ఈ అంకెలు ఉదాహరణకే. తన రైఫిల్ అంకెల్ని ఎవరికి వారు బాలిస్టిక్ యాప్‌లో తీసుకోవాలి, అందులో వేసే వేగం క్రోనోగ్రాఫ్ (తూటా వేగం కొలిచే పరికరం) మీద కొలిచిందై ఉండాలి. తూటాల పెట్టె మీద ఉండే వేగం సాధారణంగా 24 అంగుళాల బ్యారెల్‌తో కొలిచింది. 20 అంగుళాల బ్యారెల్‌లో అదే తూటా 80, 100 అడుగులు తగ్గొచ్చు; .308లో ఆ వంద అడుగులే 1000 గజాల దగ్గర మూడు నాలుగు ఎంఓఏ పెంచుతాయి. చలికాలం ఉదయం గాలి బరువెక్కి, మందు కాస్త నెమ్మదిగా మండితే ఇంకో రెండు. కాబట్టి యాప్ 39 అంటే స్కోప్‌లో 44, 45 ఉండేలా చూసుకోవడం న్యాయం. జూలైలో డెన్వర్ దగ్గర ఎత్తులో సరిపోయిన స్కోప్, జనవరిలో హ్యూస్టన్ పక్కన సముద్రమట్టానికి వచ్చేసరికి చాలకపోవచ్చు.

ఆ సగం ఎక్కడికి పోయింది

స్కోప్ బయటి ట్యూబ్ లోపల ఇంకో చిన్న ట్యూబ్ ఉంటుంది, దాన్ని ఎరెక్టర్ అంటారు. దాని వెనుక కొన కీలులా ఒకచోట కుదురుకుని ఉంటుంది. ముందు కొనను పైనుంచి ఎలివేషన్ టరెట్ మర, పక్కనుంచి విండేజ్ (గురిని పక్కలకు జరిపే) మర నెడుతుంటాయి; ఎదుటి మూలనుంచి ఒక స్ప్రింగు వాటికి ఆనించి పట్టుకుంటుంది. టరెట్ తిప్పడమంటే ఈ లోపలి ట్యూబ్‌ను వంచడమే. ఆ ట్యూబ్ బయటి గోడకు తగిలినా, మర కొసకు వచ్చినా ట్రావెల్, అంటే టరెట్ తిప్పుకోగల మేర, అయిపోయినట్టే.

బయటి ట్యూబ్ లావైతే లోపల చోటు ఎక్కువ, నిజమే. కానీ 34 మి.మీ. ట్యూబ్ కొన్నంత మాత్రాన ట్రావెల్ వచ్చిపడదు. షమిట్ అండ్ బెండర్ పీఎం-2 5-25×56, జైస్ ఎల్‌ఆర్‌పీ ఎస్5 రెండూ 34 మి.మీ. ట్యూబులే, మొదటిదానిలో ఎలివేషన్ 26 మిల్, రెండోదానిలో 40.7 మిల్. కొన్నిట్లో ఆ చోటంతా పెద్ద లెన్సులకో, మందపాటి గోడకో పోతుంది. జూమ్ బాగా ఎక్కువున్న టార్గెట్ స్కోపులు ఈ విషయంలో పిసినారులు: నైట్‌ఫోర్స్ కాంపిటిషన్ 15-55×52 ఎఫ్-క్లాస్‌లో పేరున్న స్కోప్, దాని మొత్తం ఎలివేషన్ 55 ఎంఓఏ. అదే కంపెనీ ఏటీఏసీఆర్ 5-25×56లో 120.

ఇక సగం సంగతి. లోపలి ట్యూబ్ సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు, చదును రైల్ మీద స్కోప్ చూపు బ్యారెల్‌కు సమాంతరంగా పోతుంది. మధ్యనుంచి పైకి సగం, కిందికి సగం. 60 ఎంఓఏ స్కోప్‌లో 30, 30. అయితే మధ్యలో ఉంచితే రైఫిల్ జీరో కాదు. స్కోప్ బ్యారెల్ కంటే ఒకటిన్నర, రెండు అంగుళాలు ఎత్తులో ఉంటుంది; పైగా .308 తూటా 100 గజాలకే దాదాపు 2.8 అంగుళాలు పడుతుంది. రెండూ కలిపితే నాలుగున్నర అంగుళాల చిల్లర, అంటే దగ్గరదగ్గర 4.5 ఎంఓఏ. జీరో చేయడానికే పై సగంలోంచి అంత ఖర్చయింది. మిగిలింది 25.5. దాంతో .308 చేరేది 750 గజాల చుట్టుపక్కలకే.

లెక్క ఇంతే: పైకి మిగిలేది = మొత్తంలో సగం + రైల్ వాలు − జీరో తినేది. 20 ఎంఓఏ వాలున్న రైల్ వేస్తే 30 + 20 − 4.5, అంటే 45.5. వెయ్యి గజాలకు కావలసింది సరిగ్గా అంతే.

ఇక్కడ ఒక అపోహ తరచూ వినిపిస్తుంది: జీరోను 100 నుంచి 300 గజాలకు మారిస్తే ట్రావెల్ కలిసొస్తుందని. రాదు. పై కొస బ్యారెల్‌తో చేసే కోణం మారలేదు. టరెట్ మీద సున్నా ఎక్కడ రాసుకున్నామన్నదే మారింది. 300లో జీరో చేస్తే వెయ్యికి తిప్పాల్సిన అంకె అయిదు తగ్గుతుంది, పైకి మిగిలిన అంకె కూడా అదే అయిదు తగ్గుతుంది.

వాలు రైల్: ఎంత వేయొచ్చు, ఎలా తేల్చాలి

వాలు రైల్ వెనుక వైపు ఎత్తుగా, ముందు వైపు పల్లంగా ఉంటుంది. దాంతో స్కోప్ మూతి కాస్త కిందికి చూస్తుంది. దాన్ని మళ్లీ 100 గజాల జీరోకి తేవాలంటే టరెట్‌ను కిందికి తిప్పాలి. లోపలి ట్యూబ్ కింది కొసకు దగ్గరవుతుంది, పైన చోటు మిగులుతుంది. వృథాగా పడి ఉన్న కింది సగాన్ని పైకి బదలాయించడమే తప్ప కొత్త ట్రావెల్ ఏమీ పుట్టదు. అందుకే దీనికి హద్దుంది. వాలు మరీ ఎక్కువైతే కింది కొస ముందే వచ్చేస్తుంది, 100 గజాల జీరో దొరకదు. మన 60 ఎంఓఏ స్కోప్, .308 జోడీకి కాగితం మీద హద్దు 34.5. 30 ఎంఓఏ రైల్ వేస్తే జీరోకి కింద నాలుగున్నర మిగులుతుంది. 40 వేస్తే వంద గజాల్లో తూటా ఎప్పుడూ పైనే పడుతుంది, ఎంత తిప్పినా దిగదు.

కాగితం లెక్క ఎక్కడ తప్పుతుందంటే, రిసీవర్ (రైల్ బిగించే రైఫిల్ మధ్య భాగం) మీద మర రంధ్రాలు, రైల్, రింగులు (స్కోప్‌ను పట్టుకునే కడియాలు) ఏదీ అచ్చుగుద్దినట్టు ఉండదు. అయిదు, పది ఎంఓఏ తేడాలు మామూలే. కాబట్టి రైల్ ఆర్డర్ పెట్టే ముందు రైఫిల్‌నే అడగడం మంచి పద్ధతి. ఇప్పుడున్న రైల్ మీదే 100 గజాల్లో రైఫిల్‌ను సరిగ్గా జీరో చేయాలి. జీరో స్టాప్ (టరెట్‌ను జీరో దగ్గరే ఆపే ఏర్పాటు) ఉంటే దాన్ని వదులు చేసి, టరెట్‌ను మెల్లగా కిందికి తిప్పుతూ ఆగేదాకా క్లిక్కులు లెక్కపెట్టాలి. ఆగాక బలవంతం చేయకూడదు. క్లిక్కు పావు ఎంఓఏ అయితే 132 క్లిక్కులు అంటే 33 ఎంఓఏ. అదనంగా వేయగలిగిన వాలు అంతవరకే. అందులోంచి మూడో, అయిదో భద్రతకు వదిలేసి, మార్కెట్లో దొరికే దగ్గరి మెట్టు తీసుకోవాలి: 33కి 20 నిశ్చింత, 30 అంచు మీద నడక. తర్వాత లెక్కపెట్టిన క్లిక్కుల్నే వెనక్కి తిప్పితే జీరో తిరిగి వస్తుంది. రాకపోతే ఆ స్కోప్ గురించి ఇంకో విషయం తెలిసినట్టే, దాని సంగతి చివర్లో.

రైఫిల్‌తో వచ్చిన రైల్ సంగతి ముందే చూసుకోవాలి. రూగర్ ప్రెసిషన్ రైఫిల్ లాంటివి 20 ఎంఓఏ రైల్‌తోనే వస్తాయి. తెలియక దానిమీద 20.6 ఎంఓఏ వాలున్న స్పూర్ మౌంట్ వేస్తే 40 దాటింది. 120 ఎంఓఏ స్కోప్ అయితే పరవాలేదు, 60 అయితే జీరో గల్లంతు.

20 ఎంఓఏ అంటే కంటికి ఎంత కనిపిస్తుంది? 150 మి.మీ. పొడవు రైల్‌లో రెండు కొసల ఎత్తుల తేడా 0.87 మి.మీ. అంతే. చేత్తో పట్టుకుని చూస్తే ఏది ముందో ఏది వెనుకో తెలియదు. రెమింగ్టన్ 700 లాంటి వాటిలో రిసీవర్ వెనుక భాగం ముందు భాగం కంటే కిందికి ఉంటుంది కాబట్టి రైల్ తిరగేస్తే అసలు కూర్చోదు. పైభాగం చదునుగా ఉన్న రిసీవర్లకు, .22 రైఫిళ్ల డవ్‌టెయిల్ మీద బిగించే రైళ్లకు ఆ రక్షణ లేదు. తిరగేసినా చక్కగా కూర్చుంటాయి. అలా తిరగేసి బిగించిన రైల్ 20 కలపదు, 20 తీసేస్తుంది. లక్షణం గుర్తుపట్టడం తేలికే: కొత్త రైల్ వేశాక వంద గజాల జీరోకే టరెట్ చాలా పైకి తిప్పాల్సి వస్తే రైల్ తిరగబడింది.

బిగింపులో జాగ్రత్తలు కొన్నే, కానీ వాటిని దాటేస్తే మిగతాదంతా వృథా. మరలు, రంధ్రాలు నూనె లేకుండా తుడవాలి. రైల్‌ను మరలు లేకుండా రిసీవర్ మీద పెట్టి ఒక్కో కొసను వేలితో నొక్కి చూడాలి. ఊగితే కింద ఖాళీ ఉంది, అలాగే బిగిస్తే రైల్ వంగి స్కోప్ ట్యూబ్‌ను కూడా వంచుతుంది. 6-48 సైజు మరలకు 15 నుంచి 20 అంగుళం-పౌండ్ల టార్క్, రింగుల పై మూతలకు 15 నుంచి 18. తయారీదారు వేరే అంకె ఇస్తే అదే పాటించాలి. నీలం రంగు లాక్‌టైట్ రైల్ మరలకు చాలు. ఎర్రది వేస్తే రేపు విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది. రింగుల కింది బోల్టులు బిగించేముందు స్కోప్‌ను ముందుకు నెట్టి రైల్ గాడి అంచుకు ఆనించాలి. తూటా పేలినప్పుడు రైల్ వెనక్కి వస్తుంది, స్కోప్ తన బరువుతో అక్కడే ఉండాలని చూస్తుంది. మధ్యలో ఖాళీ ఉంటే జీరో జారుతుంది.

రైల్ మార్చలేని చోట రేకు ముక్కలు, అంటే షిమ్‌లు, పెట్టడం పాత పద్ధతి. లెక్క బహు సులువు: రెండు రింగుల మధ్య దూరం 100 మి.మీ. అయితే వెనుక 0.1 మి.మీ. ఎత్తడం సరిగ్గా ఒక మిల్. కూల్‌డ్రింక్ డబ్బా రేకు దాదాపు 0.1 మి.మీ. మందం, రేంజిల్లో అది తెగ వాడకం. చిక్కేమిటంటే, ఒక రింగు ఎత్తితే రెండు రింగులు ఒకే గీత మీద ఉండవు. స్కోప్ ట్యూబ్ వాటి మధ్య విల్లులా వంగుతుంది, ట్యూబ్ మీద రింగు అచ్చు పడుతుంది, పారలాక్స్ గుబ్బ (దూరాన్ని బట్టి బొమ్మను సరిచేసేది) బిగుసుకోవచ్చు. ఒకటి రెండు రేకులకు మించితే ఆ దారి వద్దు. బరిస్ సిగ్నేచర్ రింగుల్లో గోళాకారపు ప్లాస్టిక్ ఇన్సర్టులుంటాయి; ట్యూబ్ ఎటు వాలితే అవీ అటే తిరుగుతాయి కాబట్టి ఒత్తిడి పడదు. వాటిని 0.005, 0.010, 0.020 అంగుళాల ఎచ్చుతగ్గులతో ఇస్తారు. రింగుల మధ్య 4 అంగుళాలున్నప్పుడు వెనుక 0.020 పైకి, ముందు 0.020 కిందికి పెడితే 34 ఎంఓఏ వస్తుంది. వేట రైఫిళ్ల మీద వచ్చే రెండు ముక్కల బేసులకు ఇంతకంటే శుభ్రమైన పరిష్కారం లేదు.

వాలును మార్చుకోగలిగే మౌంట్లు కూడా ఉన్నాయి. ఎరాటాక్ లాంటివి 0 నుంచి 70 ఎంఓఏ దాకా జరుగుతాయి. 100 గజాలు, 2000 గజాలు రెండూ ఒకే రైఫిల్‌తో కాల్చేవాళ్లకే వీటి ఖరీదు గిట్టుబాటు. వెయ్యి గజాల ఆటకు కదిలే భాగం ఒకటి తగిలించుకోవడం దండగ.

విండేజ్ వాటా

లోపలి ట్యూబ్ తిరిగే చోటు గుండ్రంగా ఉంటుంది, చతురస్రంగా కాదు. పైకి బాగా తిప్పాక పక్కలకు చోటు తగ్గిపోతుంది. మధ్యనుంచి ప్రతి వైపూ 30 ఎంఓఏ ఉన్న స్కోప్‌ను పైకి 25 తిప్పితే, పక్కకు మిగిలేది 30 వర్గంలోంచి 25 వర్గం తీసేసి వర్గమూలం చేస్తే వచ్చే 16.6. 28 తిప్పితే 10.8. అక్కడ ఎదురుగాలి కాకుండా అడ్డగాలి గట్టిగా వీస్తే విండేజ్ టరెట్ తిరుగుతుంది, క్లిక్కులు వినిపిస్తాయి, రెటికిల్ మాత్రం కదలదు. ఈ లోపం రేంజిలో గాలి చదవడం రాకపోవడంగా కనిపిస్తుంది, అసలు కారణం తట్టేసరికి మ్యాచ్ అయిపోతుంది.

ఇది రెండో వైపునుంచి కూడా కొరుకుతుంది. రిసీవర్ రంధ్రాలు వంకరగా ఉండి జీరోకే విండేజ్ 12 ఎంఓఏ పక్కకు పోయిందంటే, పైకి 30 బదులు 27.5 మాత్రమే మిగులుతుంది. అందుకే ఎలివేషన్ చాలట్లేదన్నప్పుడు మొదట విండేజ్ టరెట్ మధ్యకు ఎంత దగ్గరుందో చూడాలి. అది బాగా పక్కకు పోయి ఉంటే రైల్ బిగింపునో, పక్కకు జరిపే ఇన్సర్టులతోనో దాన్ని ముందు సరిచేసి, తర్వాతే వాలు సంగతి ఆలోచించాలి. ముప్పై డాలర్ల ఇన్సర్ట్ చేసే పనికి మూడు వేల డాలర్ల స్కోప్ కొన్నవాళ్లు ఉంటారు.

కొసల దగ్గర ఇంకో రెండు ఇబ్బందులున్నాయి. లెన్సుల మధ్యభాగం నుంచి కాకుండా అంచునుంచి చూస్తాం కాబట్టి బొమ్మ అంచుల్లో రంగు చారలు, కాస్త మసక రావచ్చు. లోపలి స్ప్రింగు ఒక కొసలో బాగా సాగి పట్టు తగ్గుతుంది. తక్కువ రకం స్కోపుల్లో ఆఖరి అయిదారు ఎంఓఏలో క్లిక్కు తిప్పినా ట్యూబ్ కదలక, ఒక తూటా పేలిన కుదుపుకి కదులుతుంది. డబ్బా మీది అంకెలో చివరి పదో వంతును లెక్కలోకి తీసుకోకపోవడమే మేలు.

.22 రైఫిల్ లెక్క వేరు

అమెరికాలో ఇప్పుడు .22 ఎల్ఆర్‌తో 300 గజాల దాకా కాల్చే పోటీలు బాగా పెరిగాయి. ఖర్చు తక్కువ, నేర్చుకునేది ఎక్కువ. ఆ చిన్న తూటా 1070 అడుగుల వేగంతో బయల్దేరుతుంది, 50 గజాల జీరో నుంచి 300 గజాలకు 13 మిల్ చుట్టుపక్కల, అంటే 45 ఎంఓఏ కావాలి. .308 వెయ్యి గజాలకు అడిగినదానికంటే ఎక్కువ.

దీంట్లో పెద్దగా ఎవరూ చెప్పని ఒక సౌకర్యముంది. 50 గజాలకే ఆ తూటా నాలుగు అంగుళాలు పడుతుంది. స్కోప్ ఎత్తు రెండు అంగుళాలు కలిపితే ఆరు. 50 గజాల దగ్గర ఆరు అంగుళాలంటే పదకొండున్నర ఎంఓఏ. అంత పై సగంలోంచి జీరోకే పోయింది, 60 ఎంఓఏ స్కోప్‌లో చదును రైల్ మీద పైకి మిగిలేది 18.5. కానీ అదే కారణానికి కింద 41.5 ఖాళీగా ఉంది. .308కి అంచు మీద నడక అనుకున్న 30 ఎంఓఏ రైల్ ఇక్కడ హాయిగా సరిపోతుంది, కింద ఇంకా 11.5 మిగులుతుంది, పైకి 48.5 వస్తుంది. 300 గజాలకు అది చాలు.

ఇంకా చాలకపోతే

టరెట్ ఆగిన చోట రెటికిల్ అందుకుంటుంది. ఫస్ట్ ఫోకల్ ప్లేన్ (జూమ్‌తో పాటు గుర్తులూ పెరిగి తగ్గే) స్కోప్‌లో మధ్య గీత కింద చాలావాటికి 10 మిల్ దాకా గుర్తులుంటాయి. 13 మిల్ కావాలి, టరెట్ 9 దగ్గర ఆగిందంటే 9 తిప్పి, నాలుగో గుర్తును టార్గెట్ మీద పెట్టి కాల్చవచ్చు. ఇది అత్యవసరానికి వాడే కిటుకు కాదు, పద్ధతైన షూటింగే. కాకపోతే జూమ్ బాగా పెంచితే కింది గుర్తులు చూపులోంచి తప్పుకుంటాయి, 25 నుంచి 15కి తగ్గించాలి. సెకండ్ ఫోకల్ ప్లేన్ స్కోప్‌లో గుర్తుల విలువ ఒక్క జూమ్ దగ్గరే సరైనది, ఎక్కువగా అత్యధిక జూమ్ దగ్గర. జూమ్ సగానికి తగ్గితే నాలుగో గుర్తు ఎనిమిది మిల్ అవుతుంది.

టరెట్ ఆగిందంటే ట్రావెల్ అయిపోయిందనే అనుకోనక్కర్లేదు కూడా. కొన్ని టరెట్లు జీరో స్టాప్ నుంచి రెండు చుట్లు మాత్రమే తిరుగుతాయి. లోపల ఇంకా చోటున్నా ఆ మూతే ఆపేస్తుంది. రైల్ మార్చాక జీరో స్టాప్‌ను మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాలి. పాత చోటే వదిలేస్తే కిందికి దిగనివ్వదు, వంద గజాల జీరో రావట్లేదని రైల్‌ను తిట్టుకుంటారు.

ఇక న్యూ మెక్సికోలో రాటన్ దగ్గర ఎన్ఆర్ఏ విటింగ్టన్ సెంటర్‌లో జరిగిన కింగ్ ఆఫ్ 2 మైల్స్ లాంటి పోటీల్లో దూరం 3520 గజాల దాకా పోతుంది. అక్కడ వాలు పెంచుకుంటూ పోవడం కూడా ఒకచోట ఆగిపోతుంది, ఆపేది బ్యారెలే. 150 ఎంఓఏ అంటే 43.6 మిల్, స్కోప్ ముందు 80 సెంటీమీటర్ల దూరంలో బ్యారెల్ మూతి ఉంటే, అక్కడికి చేరేసరికి చూపు 35 మి.మీ. కిందికి దిగుతుంది. స్కోప్ మధ్యరేఖ బ్యారెల్ మధ్యరేఖకు 50 మి.మీ. ఎత్తులో ఉందనుకుంటే మిగిలింది 15. లావుపాటి బ్యారెల్, దాని చివర మజిల్ బ్రేక్ (కుదుపు తగ్గించే మూతి ముక్క) ఆ 15నీ మింగేస్తాయి, స్కోప్ కింది సగంలో టార్గెట్ బదులు ఇనుము కనిపిస్తుంది. అప్పుడు స్కోప్‌ను ఇంకా ఎత్తులో బిగించడమో, టాకామ్‌హెచ్‌క్యూ చార్లీ టారాక్ లాంటి పట్టకపు పరికరాన్ని స్కోప్ ముందు పెట్టి చూపునే పైకి జరిపి వంచడమో చేస్తారు. మార్చ్ జెనెసిస్ స్కోప్ ఇంకో దారి తొక్కింది: లోపలి ట్యూబ్‌ను వంచే బదులు స్కోప్ మొత్తాన్నే బయటి చట్రంలో వంచుతుంది. దాంతో 400 ఎంఓఏ వస్తుంది, ఎంత తిప్పినా చూసేది లెన్సు మధ్యనుంచే.

తిప్పినంతా కదిలిందా

ట్రావెల్ ఉండటం ఒకటి, టరెట్ మీది అంకె నిజం కావడం ఇంకొకటి. వంద మీటర్ల దగ్గర ఎత్తైన అట్టమీద మీటరు పొడవు నిలువు గీత గీసి పరీక్షించాలి. ఆ గీతను కంటి అంచనాతో గీయకూడదు, దారానికి బరువు కట్టి వేలాడదీసి గీయాలి. కింది చివర చుక్క మీద గురిపెట్టి మూడు తూటాలు. టరెట్ 10 మిల్ పైకి తిప్పి అదే చుక్క మీద గురిపెట్టి ఇంకో మూడు. రెండు గుంపుల మధ్య సరిగ్గా ఒక మీటరు ఉండాలి. దూరం గజాల్లో అయితే 36 అంగుళాలు. 98 సెంటీమీటర్లే వచ్చిందంటే స్కోప్ వందకు రెండు తక్కువ కదులుతోంది; ఆ దిద్దుబాటు యాప్‌లో వేసుకుంటే సరిపోతుంది. ఒకసారి 98, ఇంకోసారి 101 వస్తే మాత్రం దిద్దడానికేం లేదు, కంపెనీకి పంపాలి. దూరాన్ని టేపుతో కొలవాలి. రేంజిలో "100" అని పాతిన బోర్డు 97 దగ్గరుంటే స్కోప్‌ను అన్యాయంగా అనుమానించినట్టే.

రెండో గుంపు గీతకు పక్కగా పడితే రెటికిల్ వంకరగా బిగిసిందన్నమాట. ఒక్క డిగ్రీ వంకర ఉంటే 10 మిల్ తిప్పినప్పుడు తూటా 0.17 మిల్ పక్కకు పోతుంది. వంద మీటర్లలో అది 1.7 సెంటీమీటర్లు, గాలి అని సరిపెట్టుకోవచ్చు. వెయ్యి గజాలకు ఆరు అంగుళాల పైన. ఎఫ్-క్లాస్ వెయ్యి గజాల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం పది అంగుళాలు, అంటే మధ్యనుంచి అయిదే. రింగులు వదులు చేసి, ఆ దారం గీతకు రెటికిల్ నిలువు గీత ఆనేలా స్కోప్‌ను తిప్పి, మూతల మరలు ఒక్కోటీ పావు చుట్టు చొప్పున ఎదురెదురుగా మార్చి మార్చి బిగించాలి. ఒకవైపు మరలు ముందే బిగించేస్తే ఆ బిగింపే స్కోప్‌ను మళ్లీ అటు తిప్పేస్తుంది.